తెర లేచే తేదీ

మస్కట్‌లోని రాయల్ ఒపెరా హౌస్ తెర లేవడానికి చాలా ముందే రాబోయే సీజన్ మొత్తాన్ని ప్రకటిస్తుంది. సెప్టెంబరు నుంచి, మళ్లీ ఎండలు ముదిరే రోజుల దాకా ఏ తేదీన ఏ ప్రదర్శన, ఏ దేశపు బృందం, ఎన్ని గంటలకు, టికెట్టు ఎంత, అన్నీ అందులో ఉంటాయి. నిజ్వా వెళ్లే రోడ్డు మీద, మస్కట్‌కి గంట దూరంలో ఉన్న సమాయిల్‌లో కూర్చుని నేను ఆ జాబితా చదువుతాను. అందులో ఉన్నవన్నీ చూసే స్థోమత లేదు. అన్నీ చూడాలన్న కోరికా లేదు. అసలు ఆ జాబితా అంటూ ఒకటి ఉండడమే నాకు ఇష్టం. వచ్చే ఫిబ్రవరిలో ఫలానా గురువారం సాయంత్రం ఫలానా చోట తెర లేస్తుందని ఒక సంస్థ నెలల ముందే మాట ఇస్తుంది, ఆ మాట నిలబెట్టుకుంటుంది. నాటకానికి సంబంధించినంత వరకు ఇంతకంటే పెద్ద విషయం నాకు కనపడదు. మన తెలుగువాళ్లకు నటులున్నారు, నాటకాలున్నాయి, హాళ్లూ ఉన్నాయి. తేదీలు లేవు.

తేదీకి ఉన్న విలువ సమాయిల్‌లో ఉంటే ఇంకాస్త బాగా తెలుస్తుంది. ఇది ఖర్జూర తోటల ఊరు. ఇక్కడి ఫర్ద్ రకం ఖర్జూరానికి ఒమాన్ అంతటా పేరుంది. తోటలకు నీళ్లిచ్చేవి ఫలజ్‌లు, అంటే భూమి లోపలి ఊటనో వాగు నీటినో పల్లానికి పారించుకొచ్చే పాతకాలపు కాలువలు. సమాయిల్‌లో సమ్‌దీ ఫలజ్ పెద్దది. ఈ ఫలజ్ నీటిని కొలతపాత్రలతో పంచరు, కాలంతో పంచుతారు. సుమారు అరగంట వంతుని అథర్ అంటారు. పగలు నీడ పొడవు చూసి, రాత్రి చుక్కల నడక చూసి వంతులు మార్చుకోవడం తరతరాల పద్ధతి. తన వంతు ఏ రోజు ఏ వేళకి వస్తుందో తోటవాడికి తెలుసు. తెలుసు గనకనే ముందు రోజే గట్లు సరిచేసుకుని, మడవ కట్టుకోవడానికి సిద్ధంగా ఉంటాడు. నాటకం చూసేవాడికి సీజన్ సరిగ్గా అలాంటి వంతు. ఎప్పుడొస్తుందో తెలియని నీళ్ల కోసం ఏ రైతూ మొక్క నాటడు. ఎప్పుడు ఆడతారో తెలియని నాటకం కోసం ఏ కుటుంబమూ సాయంత్రం ఖాళీ ఉంచుకోదు.

ఒమాన్ జనాభా సుమారు 50 లక్షలు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి అంతకు ఎన్నో రెట్ల జనం ఉన్నారు. సుల్తాన్ ఖాబూస్ ఒపెరా హౌస్ కట్టమని 2001లో ఆదేశిస్తే, 2011 అక్టోబరు 12న అక్కడ తొలి ప్రదర్శన జరిగింది. ఫ్రాంకో జెఫిరెల్లి తీర్చిదిద్దిన 'తురాందోత్' ఒపెరాకి ప్లాసిడో డొమింగో వాద్యబృందాన్ని నడిపించారు. అప్పటి నుంచి సీజన్ పద్ధతి నడుస్తోంది. ఇప్పుడు మస్కట్‌లోనే ఒమాన్ సాంస్కృతిక సముదాయం పేరుతో జాతీయ నాటకశాల, జాతీయ గ్రంథాలయం, జాతీయ దస్తావేజుల కేంద్రం ఒకేచోట కట్టే పని చేపట్టారు. నాటకశాలను గ్రంథాలయం పక్కన, పాత పత్రాలు దాచే చోటి పక్కన పెట్టారన్నది నాకు బాగా నచ్చిన సంగతి. పుస్తకం, రికార్డు, నాటకం మూడూ ఒక జాతి తన గురించి తాను గుర్తుంచుకునే సాధనాలే.

అలాగని ఇక్కడివాళ్లు నాటకాన్ని బయటి నుంచి తెచ్చుకుంటున్నారని అనుకోకూడదు. సమాయిల్ కవుల గడ్డ. జాంజిబార్ వెళ్లి అక్కడ పత్రిక నడిపిన మహాకవి అబూ ముస్లిం అల్ బహ్లానీది ఈ ప్రాంతంలోని మహ్రమ్ గ్రామం. 20వ శతాబ్దపు ఒమాన్ కవుల్లో పెద్దపేరైన అబ్దుల్లా అల్ ఖలీలీ ఇక్కడే పుట్టారు. ఈద్ రోజుల్లో మైదానంలో అల్ ఆజీ ఆడతారు. యునెస్కో 2012లో తన వారసత్వ జాబితాలో చేర్చిన కళ అది. తెల్లని దిష్‌దాషాలు వేసుకుని, నడుముకి ఖంజర్ బాకు కట్టుకున్న మగవాళ్లు గుంపుగా నడుస్తుంటారు. ముందు నడిచే కవి చేతిలో కత్తి, చిన్న డాలు. అతను పద్యపాదం పలికి ఆగి, కత్తిని మణికట్టుతో ఒక్కసారి వణికిస్తాడు. ఆ ఇనుము సన్నగా మోగుతుంది. వెంటనే వెనక ఉన్నవాళ్లందరూ ఒకే గొంతుతో బదులిస్తారు. మళ్లీ నాలుగడుగులు, మళ్లీ పాదం, మళ్లీ కత్తి. నాకు అరబ్బీ పని నడిచేంతే వచ్చు, కవిత్వం అందేంత రాదు. అయినా పాదం ముగిసే చోట అక్కడి ముసలివాళ్ల గడ్డాలు పైకి లేవడం చూస్తే, మన పల్లెల్లో పద్యం అందుకునేటప్పుడు తలలు ఊపే పెద్దలు గుర్తొస్తారు. ఆ ముసలివాళ్లలో ఎవరికీ ఆహ్వానపత్రం రాదు. ఈద్ ఎప్పుడో అందరికీ తెలుసు కనుక అందరూ వస్తారు.

జాతీయ నాటకశాల అనగానే మనవాళ్లు భవనం గురించి మాట్లాడతారు. ఎన్ని సీట్లు, ఎన్ని కోట్లు, శంకుస్థాపనకి ఎవరొస్తారు. చరిత్ర చూస్తే వరస వేరుగా ఉంటుంది. 1872 డిసెంబరు 7న కలకత్తాలో కొందరు కుర్రవాళ్లు తమ బృందానికి నేషనల్ థియేటర్ అని పేరు పెట్టుకుని, దీనబంధు మిత్ర రాసిన 'నీల్ దర్పణ్' ఆడారు. టికెట్టు పెట్టి ఆడారు. వాళ్లకి సొంత భవనం లేదు, జొరాసాంకోలో ఒక పెద్దింటి ముంగిలి అద్దెకు తీసుకున్నారు. అప్పటిదాకా జమీందార్ల ఇళ్లలో పిలిచినవాళ్లకే దక్కిన బెంగాలీ నాటకం, డబ్బిచ్చి టికెట్టు కొన్న ఎవరికైనా ఆ రాత్రి నుంచి దక్కింది. లండన్‌లో జాతీయ నాటకశాల కావాలన్న మాట 1848 నుంచే నలిగింది. చివరికి 1963లో లారెన్స్ ఒలీవియర్ నాయకత్వంలో బృందం పుట్టి, ఓల్డ్ విక్ అనే పాత హాలులో 'హామ్లెట్'తో తొలి సీజన్ మొదలుపెట్టింది. థేమ్స్ ఒడ్డున సొంత భవనం తెరుచుకున్నది 1976లో. అంటే 13 ఏళ్లపాటు ఆ దేశపు జాతీయ నాటకశాల అద్దె హాలులోనే బతికింది. అయినా అది జాతీయ నాటకశాలే, ఎందుకంటే నటులు జీతం మీద ఉన్నారు, రాబోయే నాటకాల జాబితా జనం చేతుల్లో ఉంది.

మనకు మాత్రం ఏమి తక్కువ? కందుకూరి వీరేశలింగం 1880లో రాజమండ్రిలో విద్యార్థుల చేత నాటకం ఆడించారు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో సరసవినోదినీ సభ పెట్టి, స్వయంగా నాటకాలు రాసి, ఆడారు. అంతకు ఒక ఏడాది ముందు, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు బృందం 'కీచక వధ' వేసింది. ఆ ఊరి పేరే వాళ్ల బృందాల పేరైంది. సురభి వాళ్ల సంగతి చెప్పుకోకుండా తెలుగులో సీజన్ అన్న మాట ఎత్తడం న్యాయం కాదు, ఎందుకంటే ఆ పద్ధతి మనకు పరిచయం చేసింది వాళ్లే.

ఒకప్పుడు 30కి పైగా సురభి సమాజాలు ఊరూరా తిరిగేవి. ఊరికి వస్తే ఒక రాత్రి ఆడి పోయేవాళ్లు కాదు. రేకులతో, తడికెలతో హాలు కట్టుకుని నెలల తరబడి మకాం వేసేవాళ్లు. పగలు బండి మీద డప్పు కొట్టుకుంటూ కరపత్రాలు పంచేవాళ్లు, ఇవాళ మాయాబజార్, రేపు బాలనాగమ్మ, ఎల్లుండి లవకుశ అని. ఊరివాళ్లు సంచీలో బియ్యం అమ్ముకుని వచ్చిన చిల్లర పక్కన పెట్టుకునేవాళ్లు. ఒకే నాటకాన్ని రెండోసారి, మూడోసారి చూసినవాళ్లు ఉండేవాళ్లు. మొదటిసారి కథ చూస్తారు, రెండోసారి నటన చూస్తారు, మూడోసారి తేడాలు చూస్తారు. ప్రేక్షకుడు రసికుడయ్యేది ఆ మూడోసారే.

సురభి మాయాబజార్‌ని తెర పక్క నుంచి చూసే అవకాశం ఒకసారి దొరికింది. ముందు కూర్చున్నవాళ్లకి ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు వాటంతట అవే ఎగిరి వెళతాయి. పక్క నుంచి చూస్తే కంటికి సరిగా ఆనని సన్నటి తీగ, దాని రెండో కొస పట్టుకున్న ఒక నడివయసు ఆవిడ కనిపిస్తారు. అంతకు ముందు రంగంలో ఆవిడే చెలికత్తె. మొహాన రంగు అలాగే ఉంది, కొంగు నడుముకి బిగించారు. ఆవిడ చూపు తీగ మీద లేదు, హార్మోనియం వాయించే ఆయన వేళ్ల మీద ఉంది. ఫలానా స్వరం దగ్గర లాగాలి, ఫలానా దగ్గర వదలాలి. అర క్షణం తేడా వస్తే లడ్డు ముక్కుకి తగులుతుంది. తగల్లేదు. హాలులో పిల్లలు కేరింతలు కొట్టారు. ఆవిడ తీగ చుట్టచుట్టి మేకుకి తగిలించి, పక్కన నిద్రపోతున్న పసివాడి మీద దుప్పటి సర్ది, తర్వాతి రంగానికి వెళ్లిపోయారు. ఆ చేతికి ఆ కొలత ఒకరోజు రిహార్సల్‌తో రాదు. రోజూ ఆడాలి. ఏళ్ల తరబడి అదే నాటకం, అదే తీగ. సురభి వాళ్లకి ప్రభుత్వం హైదరాబాద్ శేరిలింగంపల్లిలో కాలనీ ఇచ్చింది. సురభి బాబ్జీ అని అందరూ పిలిచే రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది. గౌరవాలు మంచివే. రోజూ ఆడే చోటు మాత్రం వాళ్లకి దక్కలేదు.

ఇక పేరున్న నటుల్ని విడివిడిగా కుదుర్చుకుని ఆడించే పద్య నాటకాల కాంట్రాక్టు రోజులు. కురుక్షేత్రం అంటే ఒక రంగానికి ఒక కృష్ణుడు, మరో రంగానికి ఇంకో కృష్ణుడు. పీసపాటి కృష్ణుడని, షణ్ముఖి ఆంజనేయరాజు అని, డి.వి. సుబ్బారావు హరిశ్చంద్రుడని జనం బళ్లు కట్టుకుని వెళ్లేవాళ్లు. వన్స్‌మోర్ అంటే మళ్లీ పాడాల్సిందే. ఈ పద్ధతిలో నాటకం పక్కకు పోయి పద్యం మిగిలిందని విమర్శించినవాళ్లున్నారు. ఆ విమర్శలో నిజం ఉంది. కానీ ఆ రోజుల్లో నాటకం పండగల క్యాలెండరులో భాగంగా ఉండేది, ఆ సంగతిని విమర్శకులు తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

సమాయిల్ పారిశ్రామికవాడలో పనిచేసే ఒక పెద్దాయన ఉన్నారు, వెల్డరు, చీరాల దగ్గర పల్లెటూరు. అందరం బాబాయి అంటాం. సెలవు రోజు సాయంత్రం పనివాళ్ల క్యాంపు వెనక మెట్ల మీద చేరినప్పుడు ఎవరైనా గట్టిగా అడిగితే హరిశ్చంద్ర కాటి సీను పద్యం ఎత్తుకుంటారు. ముందు ఎడమచెయ్యి చెవికి ఆనించి, గొంతులోనే శ్రుతి చూసుకుంటారు. పద్యమంతా కళ్లు సగం మూసుకునే పాడతారు. ఒక్క మాట విరిచే చోట మాత్రం కళ్లు తెరిచి ఎదుటివాళ్ల వంక చూస్తారు, అర్థం అందిందో లేదో అని. పక్క గదుల్లోని బంగ్లాదేశీ కుర్రవాళ్లు, సింధీ డ్రైవరు కూడా వచ్చి గోడకి ఆనుకుని నిలబడతారు.

"ఎవరి దగ్గర నేర్చుకున్నారు బాబాయ్?" అని అడిగాను.

"మా ఊరి హార్మోనిస్టు చెప్పాడు. కానీ నిజంగా నేర్పింది శ్రీరామనవమి అబ్బాయ్" అన్నారు. "నవమి పందిట్లో నాటకం ఖాయం. సంక్రాంతి వెళ్లగానే ఎవరే వేషమో తేల్చేసేవాళ్లు. పందిరి నాటికి నోటికి రాకపోతే ఊళ్లో తలెత్తుకోలేం. ఆ భయానికే వచ్చేసింది."

"ఇప్పుడో?"

"పందిరి వేస్తున్నారు. నాటకం తీసేశారు."

ఆయన అంతకు మించి ఏమీ అనలేదు. సంక్రాంతికి వేషాలు పంచి నవమికి ఆడడాన్నే మస్కట్‌లో అచ్చువేసి సీజన్ అంటున్నారు.

తెలుగు నాటకం తన తేదీల్ని ఎలా పోగొట్టుకుంది? సినిమా వచ్చింది, టీవీ వచ్చింది అంటారు. సినిమా మహారాష్ట్రకీ వచ్చింది. అక్కడ మరాఠీ పత్రికల్లో నాటకాల ప్రకటనలు ఇప్పటికీ వస్తున్నాయి, జనం టికెట్టు కొని చూస్తున్నారు. కాబట్టి సినిమా మీద నెట్టేసి చేతులు దులుపుకోవడం కుదరదు. నేను తెనాలి వైపు వాణ్ణి, పరిషత్తుల మధ్య పెరిగినవాణ్ణి. అందుకే చెబుతున్నాను: మన పరిషత్తులు నాటకాన్ని కాపాడాయి, ఆ కాపాడిన తీరులోనే దాన్ని జనానికి దూరం చేశాయి.

ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో తెనాలిలో పుట్టింది. దాని వెనకే ఊరూరా పరిషత్తులు వచ్చాయి. ఆత్రేయ లాంటి రచయితలకు, ఎందరో నటులకు అవి వేదికలయ్యాయి. సొంత డబ్బు ఖర్చుపెట్టి, నిద్ర మానుకుని పరిషత్తులు నడిపిన ఉపాధ్యాయులు, డాక్టర్లు, వ్యాపారులు నాకు తెలుసు. వాళ్లకి నా నమస్కారం. కానీ పరిషత్తు అంటే పోటీ. పోటీకి స్క్రిప్టు పంపాలి, పరిశీలనలో నెగ్గాలి, ఇచ్చిన సమయంలో ముగించాలి. ముందు వరసలో న్యాయనిర్ణేతలు కాగితాలు పట్టుకుని కూర్చుంటారు. రచయిత వాళ్ల కోసం రాస్తాడు, నటుడు వాళ్ల కోసం ఏడుస్తాడు. ఆఖరి నాటిక అర్ధరాత్రి దాటాక మొదలైతే, చూసేవాళ్లలో సగం మంది మిగతా బృందాల నటులే. మంచి నాటకం ఒకటి పది చోట్ల బహుమతులు తెచ్చుకుంటుంది, ఏడాది తిరిగేసరికి దాని సెట్టు మూలన పడుతుంది. గుంటూరులోనో వరంగల్‌లోనో టికెట్టు కొని దాన్ని చూడాలనుకున్న మామూలు మనిషికి దారి లేదు. 1998లో ప్రభుత్వం నంది నాటకోత్సవాలు మొదలుపెట్టినా అదీ పోటీయే, అదీ మధ్యలో ఏళ్లతరబడి ఆగింది. రవీంద్రుడి శతజయంతి సంవత్సరం 1961లో హైదరాబాద్‌లో రవీంద్రభారతి తెరిచారు. అంత మంచి చోట, ఫలానా నాటకం ఈ నెలంతా శని ఆదివారాలు ఆడుతుందన్న బోర్డు ఉండాలి కదా. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళలు చదివిన పిల్లలు బయటికొచ్చి సినిమాలో చిన్న వేషం కోసం తిరుగుతున్నారు. వాళ్లకి నెలజీతమిచ్చి పెట్టుకునే నాటక బృందం తెలుగు నేల మీద ఒక్కటైనా ఉండాలి.

ఉండడం సాధ్యమేనని మన పొరుగువాళ్లు చూపించారు. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలో హెగ్గోడు అనే పల్లె ఉంది. పోక చెక్క పండించే రైతులు అక్కడ 1949లో నీనాసం అనే నాటక సంఘం పెట్టుకున్నారు. దాన్ని పెంచిన కె.వి. సుబ్బణ్ణకి 1991లో మెగసెసే పురస్కారం వచ్చింది. 1985 నుంచి వాళ్లు 'తిరుగాట' అనే సంచార బృందాన్ని నడుపుతున్నారు. ఏటా కొత్త నాటకాలు తయారుచేసి, నటులు, దీపాలు, సెట్టు అన్నీ బండికెత్తుకుని నెలల తరబడి రాష్ట్రమంతా తిరుగుతారు. ఒక ఏడు షేక్‌స్పియర్, ఒక ఏడు సంస్కృత నాటకం, పక్కన కన్నడ కొత్త నాటకం. తమ ఊరికి తిరుగాట ఎప్పుడొస్తుందని ఎదురుచూసే చిన్న పట్టణాలు కర్ణాటకలో ఉన్నాయి. మైసూరులో 1989లో ప్రభుత్వమే రంగాయణ అనే నాటక సంస్థని స్థాపించి బి.వి. కారంత్ చేతికిచ్చింది. ఆ కారంత్ 1990లలో మన సురభి వాళ్లతో కూర్చుని 'భీష్మ', 'చండీప్రియ', బ్రెష్ట్ నాటకం ఆధారంగా 'బస్తీ దేవత యాదమ్మ' చేయించారు. సురభి నటులు పౌరాణికాలే కాదు, ఏదైనా చేయగలరని అప్పుడు తేలింది. ఒక మంచి దర్శకుడు, కొంత కాలం, కొంత జీతం, అంతే కావలసింది. ఆ తరవాత ఆ దారిని మనం వెడల్పు చేయలేదు.

కేంద్ర సంగీత నాటక అకాడెమీ 1953లో మొదలైనప్పుడు తొలి అధ్యక్షుడు పి.వి. రాజమన్నార్, 'తప్పెవరిది' రాసిన తెలుగు నాటక రచయిత. దేశానికే నాటక సంస్థ నడిపించిన జాతికి సొంత జాతీయ నాటకశాల లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఆ నాటకశాల ఉంటే మొదటి సీజన్‌లో ఏం ఆడాలో నేను చాలాసార్లు కాగితం మీద రాసుకున్నాను. కన్యాశుల్కంతో మొదలు. 1892లో విజయనగరం జగన్నాథ విలాసినీ సభ తొలిసారి ఆడిన నాటకాన్ని గురజాడ తిరగరాసి 1909లో ఏడంకాలుగా తెచ్చారు. మనం ఎక్కువగా దాన్ని కోసే ఆడుతున్నాం. జె.వి. రమణమూర్తి గిరీశంగా నిలిచిపోయారు, ఆయన రుణం తీరేది కాదు. కానీ ఏడంకాలూ పూర్తిగా, వరసగా రెండు సాయంత్రాలు ఆడితే, మధురవాణికి ఎంత చోటుందో, లుబ్ధావధాన్లు ఇల్లు ఎంత చీకటిదో అప్పుడు చూస్తాం. తర్వాత కోలాచలం శ్రీనివాసరావు 'రామరాజు చరిత్ర', బళ్లారి రాఘవ పఠాన్ రుస్తుం వేషం వేసిన నాటకం. దాన్ని హైదరాబాద్‌లో మొదలుపెట్టి బళ్లారి రాఘవ కళామందిరంలో ముగించాలి. సరిహద్దు అవతల ఉన్న తెలుగువాళ్లకి అది ఇవ్వాల్సిన బాకీ. ఆపైన సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల 'మాభూమి'. నిషేధాల మధ్య ప్రజానాట్యమండలి పల్లెపల్లెకీ మోసుకెళ్లిన నాటకం, తెలంగాణ పోరాటం చూడని తరం కోసం మళ్లీ ఆడాలి. ఎన్.ఆర్. నంది 'మరో మొహెంజొదారో' ఒక నెల ఉండాలి. ఆధునిక నాటకం మనకు రాదనుకునేవాళ్లకి అది జవాబు.

కాళ్లకూరి నారాయణరావు 'చింతామణి' కూడా ఉండాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో దాన్ని నిషేధించింది. వ్యసనాన్ని ఖండించడానికి కాళ్లకూరి రాసిన మాటలు వేరు, దశాబ్దాలుగా స్టేజి మీద చేర్చుకున్న బూతు వేరు. ఆ చేర్పుల వల్ల ఒక కులం వాళ్ల మనసు నొచ్చిందంటే అర్థం చేసుకోగలను. మూలప్రతిని దగ్గర పెట్టుకుని, పండితుల్ని కూర్చోబెట్టి, రచయిత రాసింది రాసినట్టు ఆడి చూపించే బాధ్యత గల సంస్థ ఒకటి ఉంటే ఆ గొడవ నిషేధం దాకా పోయేదే కాదని నమ్ముతాను. వీటి మధ్యలో సురభికి సొంతంగా ఒక నెల. మిగిలిన రోజులన్నీ కొత్త రచయితలకి, వాళ్లలో సగమైనా ఆడవాళ్లు కావాలి. పరిషత్తులో బహుమతి వచ్చి మూలనపడిన మంచి నాటకాల్ని కూడా ఇక్కడికి తెచ్చి, సమయ పరిమితి తీసేసి, ఊపిరి పీల్చుకోనివ్వాలి.

జనం రారు అంటారా? మొదటి నెల తక్కువే రావచ్చు. అదే హాలులో, అదే వేళకి, వారం వారం తెర లేస్తుంటే వస్తారు. డబ్బు ఎక్కడిది అంటారా? కొత్త భవనం అక్కర్లేదు కాబట్టి కోట్ల మాట లేదు. రవీంద్రభారతి ఉంది, జిల్లాల్లో హాళ్లున్నాయి. 20 మంది నటులకి, నలుగురు దర్శకులకి, దీపాలు, దుస్తులు చూసేవాళ్లకి జీతాలు చాలు. అంతకంటే పెద్ద మొత్తాలు ఒక్కరోజు సంబరాల మీద ఖర్చవడం మనందరం చూస్తున్నాం.

దూరంగా ఉన్న మాలాంటివాళ్ల మాట కూడా చెప్పాలి. లండన్ జాతీయ నాటకశాల 2009 నుంచి తన నాటకాల్ని చిత్రీకరించి సినిమా హాళ్లకు పంపుతోంది. ఆ పద్ధతి మనకూ ఉంటే, జగిత్యాల నుంచి, నిజామాబాద్ నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కి వచ్చినవాళ్లం మస్కట్ రువీలోని ఏదో ఒక హాలులో కన్యాశుల్కం చూడగలం. మస్కట్‌లోని ఇండియన్ సోషల్ క్లబ్ తెలుగు విభాగం ఉగాదికి మనల్ని ఒకచోట చేరుస్తోంది. పాటలు, డ్యాన్సులు బాగానే ఉంటాయి. వాటి పక్కన ఏడాదికి ఒక పూర్తి నాటకం, సొంతంగా తయారుచేసుకున్నది, ఆరు నెలల ముందు తేదీ చెప్పి ఆడాలని నా విన్నపం. బాబాయి లాంటివాళ్లు ప్రతి క్యాంపులో ఒకరైనా ఉంటారు. వాళ్ల గొంతులు ఇంకా బాగున్నాయి.

కందుకూరి పుట్టినరోజు ఏప్రిల్ 16ని మనం తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. దండలు, ఉపన్యాసాలు, సన్మానాలు ఉంటాయి. రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖల పెద్దలారా, వచ్చే ఏప్రిల్ 16న ఉపన్యాసాలు కొంచెం తగ్గించి ఒక్క కాగితం విడుదల చేయండి. జూలై నుంచి మార్చి దాకా ఏ ఊళ్లో, ఏ హాలులో, ఏ తేదీన, ఏ తెలుగు నాటకం, టికెట్టు ఎంత అని. ఉచితం అనకండి, ధర పెట్టండి. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు మేం కొనుక్కుని వస్తాం, మా పిల్లల్ని కూడా తెస్తాం.